మాటల్లేని మెటల్ – 4వ పాఠం: విన్నది విన్నట్టు చెప్పడం

ఈ పాఠాలు మొదటి నుంచి చేస్తున్నవాళ్లకు ఇప్పటికి మూడు పనులు పట్టుబడి ఉండాలి. రిథమ్ గిటార్ ఏదో లీడ్ గిటార్ ఏదో విడదీసి వినడం, కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి కొట్టే పామ్ మ్యూట్ ‘దగ్ దగ్’ చప్పుడుని గుర్తుపట్టడం, వేగంగా పోయే స్వరాలు పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) కొట్టినవా ఎడమ చేతి వేళ్లతోనే పలికించినవా అని పసిగట్టడం. ఇవి ఇంకా రాకపోతే మూడో పాఠంలోని అభ్యాసం మరోసారి చేసి రండి. తొందరేం లేదు.

ఈ వారం చెవితో పాటు నోటికీ పని ఉంది. ఆల్బమ్ అయిపోయాక “ఎలా ఉంది?” అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

మామూలు పాటకైతే ఈ ఇబ్బంది రాదు. సాహిత్యం గురించి మాట్లాడొచ్చు, గొంతు గురించి మాట్లాడొచ్చు, సినిమాలో సన్నివేశం గుర్తు చేసుకోవచ్చు. గిటారే అంతా అయిన మెటల్ (రాక్‌లో బాగా గట్టిగా మోగే రకం) ఆల్బమ్‌కి ఆ ఊతాలేవీ ఉండవు. అందుకే చాలామంది “స్పీడ్ అదిరింది” అనేసి ఆగిపోతారు, లేదా “అంతా గోలే” అనేస్తారు. రెండూ ఒకటే. ఏం వినపడిందో రెంటిలోనూ లేదు.

పోయిన ఆదివారం సాయంత్రం విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఐదుగురం కూర్చుని ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విన్నాం. వినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్లు పక్క గదిలో పెట్టాలి అనుకున్నాం. పునుగులు కూడా ఆల్బమ్ అయ్యాకే. ఈ పాఠమంతా ఆ సాయంత్రం వచ్చిన అభిప్రాయాల మీదే నడుస్తుంది. పుస్తకంలో సూత్రాలు చదివేకంటే నలుగురు మనుషులు చెప్పిన నాలుగు మాటలు పట్టుకుని చూస్తే ఈ విద్య త్వరగా వస్తుందని నా నమ్మకం.

ముందు ఆల్బమ్ సంగతి

మేం విన్నది జేసన్ బెకర్ అనే గిటారిస్టు చేసిన ‘పర్‌పెచ్యువల్ బర్న్’. 1988లో అమెరికాలోని ష్రాప్‌నెల్ రికార్డ్స్ విడుదల చేసింది. మొత్తం ఎనిమిది ట్రాక్‌లు, సుమారు 40 నిమిషాలు. ఎక్కడా గొంతు ఉండదు. బెకర్ 1969 జులైలో కాలిఫోర్నియాలో పుట్టాడు. అంటే ఈ ఆల్బమ్ చేసేనాటికి మన దగ్గర డిగ్రీ మొదటి సంవత్సరం చదివే కుర్రాడి వయసు. డ్రమ్స్ వాయించింది ఆత్మా అనూర్. కొన్ని ట్రాక్‌లలో మార్టీ ఫ్రీడ్‌మన్ అనే మరో గిటారిస్టు కూడా సోలోలు వాయించాడు. బెకర్, ఫ్రీడ్‌మన్ ఇద్దరూ అంతకు ముందు ఏడాదే కకోఫనీ అనే బ్యాండ్‌లో కలిసి ఒక ఆల్బమ్ చేశారు. తర్వాత 1990లో ఫ్రీడ్‌మన్ మెగాడెత్ అనే పేరున్న మెటల్ బ్యాండ్‌లో చేరాడు.

అదే 1969 ఫిబ్రవరిలో మన పాలకొల్లులో మరో పిల్లవాడు పుట్టాడు. మాండలిన్ శ్రీనివాస్. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. పాశ్చాత్య వాద్యాన్ని తీసుకుని, దానికి కరెంటు పెట్టి, తీగలు ఐదుకి తగ్గించి, గమకం పలికించాడు. ఆ ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారన్న సంగతి తెలిసినప్పటి నుంచి ఎలక్ట్రిక్ గిటార్ మనకి పరాయిదన్న భావన నాలో పోయింది. మొదటిసారి వినబోయే ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పి కూర్చోబెడతాను.

నాలుగు అభిప్రాయాలు

ఆల్బమ్ అయిపోయింది. కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. ముందు మాట్లాడింది మా అన్నయ్య కొడుకు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాడు, దీని కోసమే మధ్యాహ్నం రైలెక్కి వచ్చాడు.

“బాబాయ్, స్వీప్స్ పర్ఫెక్ట్. ఒక్క స్వరం కూడా మాసిపోలేదు.”

ఇది మంచి అభిప్రాయం. ఎందుకు మంచిదో చూద్దాం. స్వీప్ అంటే పిక్‌ని ఒక తీగ నుంచి పక్క తీగకి, అక్కడి నుంచి ఆ పక్క తీగకి ఒక్క ఊపులో జార్చడం. ఒక్కో తీగ మీద ఒక్కో స్వరమే పలుకుతుంది. కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల జట్టు. మేజర్ కార్డ్ అయితే స, అంతర గాంధారం, ప. మైనర్ కార్డ్ అయితే గాంధారం మారుతుంది, స, సాధారణ గాంధారం, ప. ఈ మూడు స్వరాలనే రెండు మూడు స్థాయిల్లో ఎక్కించి దింపుతారు. కుడి చేతి పని చూడ్డానికి తేలిక. కష్టమంతా ఎడమ చేతిది. ఒక స్వరం పలికిన మరుక్షణం ఆ వేలు తీగ మీద నుంచి సడలాలి. సడలకపోతే వెనక స్వరం ముందు స్వరంతో కలిసి మోగి ముద్దైపోతుంది. డిస్టార్షన్ (ఆంప్లిఫయర్‌తో కావాలని గరుకు చేసిన శబ్దం) ఉన్నప్పుడు ఆ ముద్ద మరీ ఘోరంగా ఉంటుంది. బాగా వాయిస్తే స్టీలు పళ్లెంలో కందిపప్పు పోసినట్టు ఒక్కో గింజా విడిగా వినపడాలి. మొదటి ట్రాక్ ‘ఆల్టిట్యూడ్స్’ నిదానంగా, పాడుతున్నట్టే మొదలై తర్వాత ఈ స్వీప్‌లలోకి వెళ్తుంది. అక్కడ గింజలు లెక్కపెట్టుకోవచ్చు. మావాడు చెప్పింది నిజం.

అయితే ఇందులో ఒక లోటుంది. అది గిటార్ నేర్చుకునేవాడి మాట. వాయించడం ఎంత కష్టమో చెప్పింది కానీ, విన్నవాడికి ఏం జరిగిందో చెప్పలేదు. పరీక్ష పేపరు దిద్దినట్టు ఉంది. “మాసిపోలేదు సరే, ఆ స్వీప్ వచ్చినప్పుడు నీకేమైంది?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, “మెట్లెక్కుతుంటే పై మెట్టు కనపడనట్టు అనిపించింది బాబాయ్, ఎక్కడ ఆగుతాడో తెలీలేదు” అన్నాడు. చూశారా, ఇది మొదటిదాని కంటే ఎంత పెద్ద మాటో! ఇది వాడి సొంతం. ఇంకొకరు చెప్పలేరు.

రెండో అభిప్రాయం మా బావమరిదిది. ఆటోనగర్‌లో కార్లకి ఆడియో సిస్టమ్‌లు బిగిస్తాడు. వాడి చెవి వేరే రకం.

“బావా, బేస్ ఎక్కడుంది? డ్రమ్స్ ఏమో పెద్ద కల్యాణ మండపంలో ఆ చివర కొట్టినట్టున్నాయి.”

మావాడికి కోపం వచ్చింది. బెకర్ లాంటివాణ్ణి పట్టుకుని బేస్ గురించి మాట్లాడతావా అన్నాడు. కాసేపు మాటామాటా అనుకున్నారు. నిజానికి ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు. ఒకరు వాయింపు గురించి, ఒకరు రికార్డింగ్ గురించి. 80లలో రాక్, మెటల్ రికార్డింగ్‌లలో స్నేర్ డ్రమ్‌కి రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) దండిగా వేసేవారు. ఈ రోజు చెవికి అది దూరంగా, ఖాళీ హాల్లో మోగినట్టే ఉంటుంది. చిన్న కంపెనీ రికార్డులు కాబట్టి గిటారే ముందు, మిగతావి వెనక. మా బావమరిది విన్నది తప్పు కాదు. నాకూ ఈ ఆల్బమ్‌లో నచ్చనిది అదే. కానీ అభిప్రాయం చెప్పేటప్పుడు ‘వాయింపు ఇలా, రికార్డింగ్ ఇలా’ అని రెండు వాక్యాలుగా విడగొట్టి చెప్తే సగం గొడవలు పుట్టవు.

మూడోది మా పిన్నిది. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి.

మా పిన్ని పెళ్లికి ముందు పదేళ్లు వీణ నేర్చుకుంది. మెటల్ వినడం ఇదే మొదటిసారి. నేను పిలిచాను కాబట్టి వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, నలభై నిమిషాలూ తొడ మీద తాళం వేస్తూ విన్నది. అంతా అయ్యాక ఒక్క మాట అన్నది.

“ఒరేయ్, ఈ పిల్లాడు ఊపిరి తీసుకోడేంట్రా?”

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే మాట తిరిగింది. ఆమె చేత్తో చూపించి చెప్పిన సంగతి మీకూ చెప్తాను. వీణ మీద తీగ మీటితే శబ్దం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. అది ఆరిపోయే లోపు గమకం పలికించాలి, లేదా మళ్లీ మీటాలి. అంటే వాద్యమే వాయించేవాడికి ఊపిరి గుర్తు చేస్తుంది. డిస్టార్షన్ పెట్టిన గిటార్‌లో అలా కాదు. తీగ కదలిక తగ్గుతున్నా వినపడే శబ్దం చాలాసేపు తగ్గదు. ఎందుకంటే ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోసినప్పుడు ధ్వని తరంగం శిఖరాలు తెగిపోతాయి. గట్టిగా మీటినదీ మెల్లగా మీటినదీ దాదాపు ఒకే ఎత్తులో బయటికొస్తాయి. తీగ నీరసించే దాకా స్వరం నిలబడే ఉంటుంది. అంటే ఇక్కడ తీగ వాయించేవాణ్ణి ఆపదు. తనంతట తనే ఆగాలి. ఎక్కడ ఆగుతాడన్నది పూర్తిగా అతని ఇష్టం, అతని అభిరుచి.

మాటల్లేని మెటల్‌ని అంచనా వేయడానికి దీనికి మించిన ప్రశ్న నాకింతవరకు దొరకలేదు. ఎక్కడ ఆగాడు? ఆగినప్పుడు ఏం వదిలాడు? పిన్ని మాట పట్టుకుని మర్నాడు ఆల్బమ్ మళ్లీ విన్నాను. ఊపిరి తీసుకోని చోట్లు ఉన్నాయి, ఒప్పుకోవాల్సిందే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు తనకొచ్చినదంతా ఒకేసారి చూపించేయాలనుకున్న చోట్లు అవి. కానీ మధ్యలో ‘ఎయిర్’ అనే ట్రాక్ వస్తుంది. మొదట్లో డిస్టార్షన్ తీసేసిన గిటార్లు. ఒక స్వరధార ప్రశ్న వేస్తే ఇంకోటి బదులిస్తుంది, బరోక్ కాలపు పాశ్చాత్య సంగీతంలో లాగా. ప్రతి వాక్యం చివరా కాస్త చోటుంటుంది. పిన్నికి ఫోన్ చేసి ‘ఎయిర్’ ఒక్కటీ మళ్లీ వినిపించాను. “ఆ, ఇది ఊపిరి తీసుకుంటోంది. ఇదే ముందు వాయించి ఉండాల్సింది” అంది. ఆ రెండో వాక్యంతో నేను ఏకీభవించను. ఆ పరుగులన్నీ విన్నాక వచ్చింది కాబట్టే ‘ఎయిర్’ అంత చల్లగా తగిలింది. మొదట్లోనే పెడితే మామూలు మెలొడీ అయ్యేది. మీరూ విని మీ మాట రాసుకోండి.

పిన్ని ఇంకోటి కూడా అన్నది, “అక్కడక్కడ కీరవాణి ఛాయ ఉంది కదూ” అని. ఉంది. ఈ రకం గిటారిస్టులు హార్మోనిక్ మైనర్ అనే స్కేల్‌ని చాలా వాడతారు. దాని స్వరాలు మన 21వ మేళకర్త కీరవాణి స్వరాలే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. ధైవతానికీ నిషాదానికీ మధ్య ఉన్న పెద్ద ఎడమే ఆ వింత రుచినిస్తుంది. మనవాళ్లకి ఇలా గుర్తుపట్టడం పెద్ద సులువు, వాడుకోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. “ఇది కీరవాణి రాగంలో వాయించాడు” అని రాయకండి. స్వరాలు అవే, నడక వేరు. రాగంలో షడ్జం కదలదు, కింద తంబుర అదే చెప్తూ ఉంటుంది. ఇక్కడ అడుగున కార్డ్ మారినప్పుడల్లా పైన ఉన్న అదే స్వరం రంగు మారుతుంది. ‘కీరవాణి స్వరాలు వినపడ్డాయి’ అంటే చాలు, నిజం చెప్పినట్టే.

నాలుగోది మా ఆవిడ అభిప్రాయం. “అంతా ఏడుపే వినపడింది నాకు” అంది. వినడానికి ముందే నేను బెకర్ కథ చెప్పాను. అది నా పొరపాటు. ఆ కథ ఇది. ఈ ఆల్బమ్ తర్వాత ఇరవై ఏళ్ల వయసులో అతనికి ఏఎల్ఎస్ అనే నాడీ వ్యాధి బయటపడింది. కాలక్రమేణా కండరాలన్నీ పట్టు తప్పే వ్యాధి. చేతులు పోయాయి, నడక పోయింది, మాట పోయింది. అతని తండ్రి కళ్ల కదలికలతో అక్షరాలు చెప్పే ఒక పద్ధతి తయారుచేశాడు. దాని సాయంతో, కంప్యూటర్ తోడుగా అతను సంగీతం కూర్చడం ఆపలేదు. 2018లో కూడా కొత్త ఆల్బమ్ వచ్చింది.

ఈ కథ విన్నవాళ్లెవరికైనా గొంతు పూడుకుపోతుంది. కానీ తేదీలు చూడండి. ఆల్బమ్ 1988ది. అప్పటికి ఆ కుర్రాడికి రోగం సంగతే తెలీదు. మా ఆవిడకి వినపడిన ఏడుపు గిటార్‌లోది కాదు, నేను చెప్పిన కథలోది. ఆమె చెప్పింది అబద్ధం అనడం లేదు. కథ తెలిసి వింటే కథతో కలిసే వినపడుతుంది, దాన్ని ఆపలేం. చెప్పేటప్పుడు మాత్రం “ఈయన జీవితం తెలిసి విన్నాను, అందువల్ల నాకిలా అనిపించింది” అని ముందే చెప్పేయాలి. అప్పుడు వినేవాళ్లు దాన్ని ఎలా తీసుకోవాలో వాళ్లే చూసుకుంటారు. ఇక నుంచి మీరు ఏ ఆల్బమ్ తీసుకున్నా ముందు వినండి, చరిత్ర తర్వాత చదవండి.

నా సొంత తప్పు ఒకటి

1990లలో ఒక రికార్డింగ్ సెంటర్‌లో ఇలాంటి గిటార్ ఆల్బమ్ ఒకటి క్యాసెట్ మీద ఎక్కించుకున్నాను. అరిగిపోయే దాకా విన్నాను. “మనిషి వల్ల అయ్యే వేగం కాదు” అని కనపడినవాళ్లందరితో వాదించాను. చాలా ఏళ్లకి సీడీ మీద అదే ఆల్బమ్ వింటే నిదానంగా ఉంది. స్వరం కూడా కిందికి ఉంది. ముందు సీడీయే తప్పనుకున్నాను. తర్వాత హార్మోనియం మీద శ్రుతి చూస్తే అసలు సంగతి బయటపడింది. నా క్యాసెట్ దాదాపు ఒక మెట్టు, అంటే హార్మోనియం మీద పక్క మీటంత, పైన మోగుతోంది. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. ఎక్కించిన మెషిన్ అంతకంటే నిదానంగా నడిచి ఉంటే, మన ప్లేయర్‌లో పాట పరుగెత్తుతుంది. సుమారు 6 శాతం వేగం పెరిగితే చాలు, శ్రుతి ఒక మెట్టు ఎక్కేస్తుంది. ఏళ్ల తరబడి నేను మెచ్చుకున్నది గిటారిస్టుని కాదు, ఒక మెషిన్‌లోని మోటారుని.

అప్పటి నుంచి వేగం గురించి ఏ అభిప్రాయమూ గట్టిగా చెప్పను. ఇప్పుడు క్యాసెట్లు లేవు, కానీ ఇదే తప్పు వేరే రూపాల్లో ఉంది. ఫోన్ స్పీకర్‌లో విని “బేస్ లేదు” అనడం, ఈక్వలైజర్‌లో అన్నీ పైకి లాగి విని “చెవులు గీసుకుపోతున్నాయి” అనడం. దేంట్లో విన్నారో మీ నోట్సులో మొదటి పంక్తిలోనే రాయండి. మా బావమరిది బేస్ గురించి అన్నప్పుడు నేను మొదట అడిగింది కూడా అదే. ఆ రోజు విన్నది వాడే తెచ్చి బిగించిన స్పీకర్లలో, కాబట్టి అతని మాటకి బలముంది.

రాసే పద్ధతి

మొదటిసారి వినేటప్పుడు ఏమీ రాయకండి. రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో వద్దు, టైప్ చేస్తుంటే చూపు తెర మీదకి పోయి చెవి మూసుకుపోతుంది. ఏదైనా మిమ్మల్ని కదిపిన చోట సమయం రాసి, పక్కన ఒకే ఒక్క మాట రాయండి. ఆ మాట క్రియ అయి ఉండాలి. అద్భుతం, సూపర్, భయంకరం లాంటివి ఒప్పుకోను.

ఎక్కింది. జారింది. విరిగింది. తిరిగొచ్చింది. తడబడింది. తరుముకొచ్చింది. నిలబడిపోయింది. ఆరిపోయింది.

మన తెలుగులో చప్పుడుకీ కదలికకీ ఉన్నన్ని క్రియలు చూస్తే ఈ పని మనకోసమే పుట్టినట్టుంటుంది. నది పొంగుతుంది, కాలవ పారుతుంది, చెరువు తొణుకుతుంది. ఒక్కోదానికి ఒక్కో మాట. ‘అద్భుతం’ అని రాసుకుంటే వారం తర్వాత ఎందుకన్నారో మీకే గుర్తుండదు. ‘జారింది’ అని రాసుకుంటే, తీగని వేలితో పక్కకి లాగి పట్టిన స్వరం మెల్లగా కిందికి దిగిన ఆ చోటు మళ్లీ చెవిలో మోగుతుంది. గిటార్ వాళ్లు దాన్ని బెండ్ అంటారు. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగడమూ అదే పని. మా పిన్ని ఆ ఒక్క చోట తాళం ఆపి తల ఎత్తి చూసింది.

ఎదుటివాళ్లు అభిప్రాయం చెప్పినప్పుడు వాదించకండి. “ఎక్కడ?” అని అడగండి. “అంతా గోలే” అన్నవాణ్ణి ఎక్కడ గోలగా ఉందో అడిగితే రెండు మూడు చోట్లు చెప్తాడు. ఆ చోట్ల మీరూ మళ్లీ వింటారు. ఒక్కోసారి అతనిదే నిజమవుతుంది.

మావాడు ఆ రాత్రి గుంటూరు వెళ్లేముందు మొదట రాసింది ఇలా ఉంది: “ఆల్టిట్యూడ్స్ సూపర్. స్పీడ్ పిచ్చెక్కించింది. ఇలాంటి గిటారిస్టు మళ్లీ పుట్టడు.”

మర్నాడు రెండోసారి విని రాసి పంపింది ఇది: “ఆల్టిట్యూడ్స్ నిదానంగా నడిచి, ఒక చోట నిలబడి, తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతున్నంతసేపు స్వరాలు విడివిడిగానే వినపడ్డాయి, కానీ ఎక్కడ ఆగుతుందో నాకు అంతుపట్టలేదు. మొదట్లో ఉన్న నిదానం గుర్తుండబట్టే ఆ ఎక్కడం ఎత్తుగా అనిపించింది. డ్రమ్స్ దూరంగా ఉండిపోయాయి. ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను.”

ఐదు వాక్యాలు. ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు, అయినా వాడికి ఎంత నచ్చిందో తెలుస్తూనే ఉంది. నాకు ఇంతకంటే అక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం

ఆల్బమ్ నలభై నిమిషాలు కాబట్టి విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ప్యాసింజర్ రైల్లో హాయిగా పడుతుంది. రోజూ తిరిగేవాళ్లు మీలో చాలామందే ఉన్నారని తెలుసు. కిటికీ పక్కన కూర్చుని, రైలు కదిలాక మొదలుపెట్టండి. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు ఇనుప చప్పుడు అడుగు స్వరాలన్నిటినీ మింగేస్తుంది. అక్కడ బేస్ గురించి, డ్రమ్స్ గురించి ఏమీ రాయకండి. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటాక చెవి మళ్లీ నిదానిస్తుంది. చప్పుడు ఎక్కువైందని వాల్యూమ్ పెంచుకుంటూ పోవద్దు. చెవికి ఒకసారి జరిగిన నష్టం వెనక్కి రాదు. సగం దాటి పెట్టాల్సి వస్తే ఆ రోజుకి ఆపేసి ఇంట్లో వినండి.

రైల్లో మొదటిసారి, ఇంట్లో రెండోసారి. రెండోసారికి కనీసం పది క్రియలు, పక్కన సమయాలు. ఒకే క్రియ రెండుసార్లు రాకూడదు. ఆ పది మాటల నుంచి ఐదు వాక్యాల అభిప్రాయం రాయండి. అందులో ఒక వాక్యం మీకు నచ్చని దాని గురించి ఉండాలి. నచ్చనిది ఏదీ లేదంటే ఇంకోసారి వినాలని అర్థం. చివరిగా, ఆల్బమ్ మొత్తంలో శబ్దం పూర్తిగా ఆగిన చోట్లు ఎన్నో లెక్కపెట్టండి. ఒక క్షణం ఆగినా లెక్కే. ఆ అంకె పైన రాయండి.

వచ్చే పాఠంలో మార్టీ ఫ్రీడ్‌మన్ అదే 1988లో, అదే కంపెనీకి చేసిన ‘డ్రాగన్స్ కిస్’ తీసుకుని రెండిటినీ పక్కపక్కన పెట్టి వింటాం. ఒకే బ్యాండ్‌లో పక్కపక్కన నిలబడి వాయించిన ఇద్దరు. ఫ్రీడ్‌మన్ తీగని లాగే తీరు వేరు, చేరాల్సిన స్వరానికి నేరుగా పోకుండా కింద ఎక్కడో మొదలుపెట్టి పాకుతూ చేరతాడు. మా పిన్నిని ఈసారి ముందు కుర్చీలో కూర్చోబెడుతున్నాం. ఈ వారం మీ కాగితం పారేయకండి. ఆ ఆగిన చోట్ల లెక్కతోనే ఐదో పాఠం మొదలవుతుంది.